95 చూపించేది బాగుంది, 55 చూపించేదానికే జబ్బు: ఒక స్టూడియో కేసు

డెస్క్‌టాప్ కంప్యూటర్లు కూర్చడం, పాడైతే బాగుచేయడం నా వృత్తి. ఎండలు ముదిరాయంటే చాలు, "ప్రాసెసర్ ఎంత వేడి వరకు ఉండవచ్చండీ?" అని రోజుకు ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. చాలామందికి ఒక అంకె చెబితే సరిపోతుంది. ఈ కేసులో మాత్రం ఆ అంకె యజమానినీ మోసం చేసింది, నన్నూ మోసం చేసింది. ఒకటిన్నర రోజు నేను తప్పు మెషిన్‌తో, తప్పు సెట్టింగుతో కుస్తీ పట్టాను. ఎక్కడ ఎందుకు తప్పానో నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు చెప్పడం కోసం మొదట రాసుకున్నాను. స్టూడియోను, ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇప్పుడు ఇక్కడ పెడుతున్నాను.

నేపథ్యం

అది ఒక జిల్లా కేంద్రంలోని స్టూడియో. పెళ్లి వీడియోలు, ఆల్బమ్ డిజైనింగ్, చుట్టుపక్కల ఊళ్ల ఫోటోగ్రాఫర్లు పంపే ఎడిటింగ్ పని. ముహూర్తాలు ఉన్నన్నాళ్లూ మెషిన్లు రాత్రింబగళ్లు నడుస్తాయి, మూఢమి వస్తే గదికి తాళం పడుతుంది.

మెషిన్లు రెండు. పాతదానిలో ఇంటెల్ కోర్ ఐ7-13700 ప్రాసెసర్ ఉంది. పెద్ద కోర్లు 8, చిన్న కోర్లు 8, మొత్తం 24 థ్రెడ్లు (ఏకకాలంలో నడపగల పనుల వరుసలు). తయారీదారు చెప్పే బేస్ పవర్ 65 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ 219 వాట్లు, వేడి హద్దు 100 డిగ్రీలు. బోర్డు హెచ్610 చిప్‌సెట్‌తో వచ్చే చవక రకం. కొత్తదానిలో ఏఎండీ రైజెన్ 7 7700ఎక్స్. 8 కోర్లు, 16 థ్రెడ్లు, టీడీపీ (కూలర్ ఎంత వేడికి సిద్ధపడాలో చెప్పే కంపెనీ అంకె) 105 వాట్లు, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ద్వారా తీసుకోగల కరెంటు హద్దు 142 వాట్లు, వేడి హద్దు 95 డిగ్రీలు. దీనికి ఒకే ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ బిగించి ఉంది.

పాత మెషిన్‌కు ఒక చరిత్ర ఉంది. కొన్నప్పుడు డబ్బాలో వచ్చిన కూలరే వాడారు. భారం పడినప్పుడు 100 తాకుతోందని ఎవరో భయపెడితే, కార్తీక మాసంలో వేరే దుకాణంలో 240 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ పెట్టించారు. అంకె ఒక్కసారిగా డెబ్భైలలోకి దిగింది. యజమాని ఎంత సంతోషించాడంటే, ఆ ఉష్ణోగ్రత ఎప్పుడూ తెర మూలన కనిపించేలా ఒక చిన్న ప్రోగ్రామ్ పెట్టుకున్నాడు. రెండు మెషిన్ల మీదా.

వచ్చిన ఫిర్యాదు

వైశాఖంలో ఫోన్ వచ్చింది. "కొత్త మెషిన్ 95 చూపిస్తోందండీ. పాతది 55. కొత్తదానికి కూడా లిక్విడ్ కూలర్ పెట్టేయండి, కాలిపోయేలా ఉంది." ఇదీ ఆయన చెప్పిన సమస్య. మందు కూడా ఆయనే రాసేశాడు.

వెళ్లాక కాసేపు కూర్చుని అడిగితే ఇంకో మాట బయటికి వచ్చింది. పాత మెషిన్ మీద రెండరింగ్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియో ఫైలుగా తయారుచేయడం) ఈ మధ్య ఆలస్యమవుతోంది. దాన్ని ఆయన వేడితో ముడిపెట్టలేదు. 55 డిగ్రీలున్న మెషిన్‌కు వేడి సమస్య ఎందుకుంటుంది? విండోస్ పాతబడిందనుకుని మళ్లీ వేయించాడు. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టించాడు. లాభం లేక, "మెషిన్ ముసలిదైపోయింది" అని సరిపెట్టుకున్నాడు.

ఈ కేసును కాపాడింది ఆ స్టూడియోలో ఎడిటింగ్ చేసే అమ్మాయి. ఆమె దగ్గర ఒక రూళ్ల పుస్తకం ఉంది. ప్రతి వీడియో నిడివి, రెండరింగ్ మొదలైన సమయం, ముగిసిన సమయం అందులో రాసుకుంటుంది. బయటి ఫోటోగ్రాఫర్లకు బిల్లు వేయడానికి రాస్తున్న లెక్క అది. ఆ పుస్తకం ప్రకారం గంట నిడివి వీడియోకు పాత మెషిన్ డబ్బా కూలర్ ఉన్నప్పుడు 46 నిమిషాలు తీసుకునేది. లిక్విడ్ కూలర్ పెట్టాక, మాఘమాసం ముహూర్తాలలో 43. వైశాఖానికి వచ్చేసరికి 70 దగ్గర తిరుగుతోంది.

కూలర్ మార్చాక మొదట పని మెరుగైంది, తర్వాత దిగజారింది. మొదటి మెరుగుదల వల్లే ఎవరూ కూలర్ వైపు వేలు చూపించలేదు. నేను కూడా చూపించలేదు.

మొదటి తప్పు: 95 వెంట పడటం

నన్ను పిలిచింది కొత్త మెషిన్ గురించి. నేనూ దాంతోనే మొదలుపెట్టాను. గదిలో థర్మామీటర్ పెడితే 34 డిగ్రీలు ఉంది. ఏసీ ఉంది గాని, రిసెప్షన్ టేబుల్ వైపు తిరిగి ఉంటుంది. ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసి చూసే సినీబెంచ్ ఆర్23 అనే పరీక్ష ప్రోగ్రామ్‌ను పది నిమిషాల పరుగు పెట్టాను. మొదటి కొన్ని క్షణాల్లోనే 95కు చేరి అక్కడే నిలిచింది. ప్రాసెసర్ తీసుకుంటున్నది 118 వాట్లు, కోర్ల వేగం సుమారు 4.9 గిగాహెర్ట్జ్.

కూలర్ విప్పాను. ప్రాసెసర్‌కు, కూలర్‌కు మధ్య వేడిని దాటించడానికి పూసే పేస్ట్ ఎండిపోలేదు గాని ఒక మూలకు సరిగా పరుచుకోలేదు. తుడిచి, కొత్త పేస్ట్ వేసి, మరలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి మళ్లీ పరుగు పెట్టాను. 95.

ఇక్కడ నేను ఆగి ఆలోచించవలసింది. ఆగలేదు. ఇంకోసారి విప్పాను, పేస్ట్ మార్చాను, ఫ్యాన్ దిశ సరిచూశాను. మళ్లీ 95. సగం రోజు గడిచాక గాని పక్కనున్న రెండు అంకెల మీద కన్ను పడలేదు. వాట్లు 118 నుంచి 126కు పెరిగాయి. వేగం 4.9 నుంచి 5.0కు చేరింది. నా పని ఫలించింది. అయితే ఆ ఫలితాన్ని ప్రాసెసర్ ఉష్ణోగ్రత తగ్గించుకోవడానికి వాడలేదు, వేగం పెంచుకోవడానికి వాడుకుంది.

2022 సెప్టెంబరులో రైజెన్ 7000 వరస విడుదలైనప్పుడు ఏఎండీ ఈ సంగతి బాహాటంగానే చెప్పింది. పూర్తి భారం మీద ఈ ప్రాసెసర్లు 95కు చేరేదాకా వేగం పెంచుకుంటూ పోతాయి, అక్కడ తమను తాము పట్టుకుంటాయి. 95 అక్కడ ప్రమాద ఘంట కాదు, గమ్యం. ఇలాంటి ప్రాసెసర్‌లో గది వేడెక్కినా, దుమ్ము పట్టినా, పేస్ట్ చెడినా ఉష్ణోగ్రత అంకె కదలదు. కదిలేది వేగం. కాబట్టి దాని ఆరోగ్యం ఉష్ణోగ్రతలో వెతకడం, హోటల్లో అన్ని బల్లలూ నిండిన తర్వాత ఎంతమంది తింటున్నారని లెక్కపెట్టడం లాంటిది. ఆ లెక్క మారదు. బయట వరుస ఎంత పొడవుందో చూడాలి.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. చదివాను, ఇతరులకు చెప్పాను కూడా. అయినా తెర మీద ఎర్ర రంగులో 95 కనిపించేసరికి చెయ్యి తనంతట తాను స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. మా తరం టెక్నీషియన్లకు ఈ భయం ఊరికే రాలేదు. 2001 ప్రాంతంలో అథ్లాన్ ప్రాసెసర్ మీద హీట్‌సింక్ లేకుండా కరెంటు ఇస్తే క్షణాల్లో కాలిపోయేది. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియం 4లు చలికాలంలో గదికి హీటరు అవసరం లేకుండా చేసేవి. అప్పటి జాగ్రత్త ఇప్పటికీ వేళ్లలో ఉండిపోయింది.

పోల్చడానికి నేను వాడే లెక్క

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక కాగితం తీసుకున్నాను. రెండు వేర్వేరు ప్రాసెసర్ల డిగ్రీలను పక్కపక్కన పెడితే ఏమీ తెలియదు. ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రత తీసేయాలి. మిగిలినదాన్ని వాట్లతో భాగించాలి. ఒక్కో వాటుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతోందో వస్తుంది. కూలర్, పేస్ట్, ప్రాసెసర్ మూత అన్నీ కలిసి వేడిని ఎంత బాగా బయటికి పంపుతున్నాయో చెప్పేది ఈ అంకె.

కొత్త మెషిన్‌లో పేస్ట్ మార్చకముందు 95లోంచి 34 తీస్తే 61. దాన్ని 118తో భాగిస్తే 0.52. మార్చాక 61ని 126తో భాగిస్తే 0.48. అంటే బాగుపడింది. పాత మెషిన్‌ను మొదటి నిమిషాల్లో చూస్తే 125 వాట్ల దగ్గర 70 డిగ్రీలు. 70లోంచి 34 పోతే 36, భాగిస్తే 0.29. లిక్విడ్ కూలర్ పెద్దది కాబట్టి కొంత తేడా వస్తుంది. కాని అంతా దాని గొప్పతనం కాదు. 7700ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ ఉన్న సిలికాన్ ముక్క దాదాపు 70 చదరపు మిల్లీమీటర్లే, చిటికెనవేలి గోరంత. అంత చిన్న చోట నూరు వాట్లు పుడితే వేడికి బయటపడే దారి ఇరుకవుతుంది. పైగా ఏఎండీ పాత సాకెట్ అయిన ఏఎం4కు చేసిన కూలర్లు సరిపోవాలని మూతను మందంగా చేశారు. ఐ7-13700 సిలికాన్ 250 చదరపు మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. ఒకే వాట్లు, ఒకే కూలర్ ఇచ్చినా ఈ రెండూ ఒకే ఉష్ణోగ్రత చూపించవు. చూపించనక్కర లేదు.

సెన్సర్ చెప్పే అంకె కూడా అన్నిచోట్లా ఒకే అర్థంతో ఉండదు. 2017లో మొదటి రైజెన్లు వచ్చినప్పుడు 1700ఎక్స్, 1800ఎక్స్ అసలు ఉష్ణోగ్రతకు 20 డిగ్రీలు కలిపి చూపించేవి. ఫ్యాన్లు అన్ని మోడళ్లలోనూ ఒకే తీరుగా తిరగాలని కంపెనీ కావాలనే అలా పెట్టింది. అది తెలియక ఆ రోజుల్లో ఎంతమంది కూలర్లు మార్చారో! ఇంటెల్ సెన్సర్ పద్ధతి వేరు. అది కొలిచేది హద్దుకు ఇంకా ఎంత దూరం ఉందన్నది. ప్రోగ్రాములు ఆ దూరాన్ని 100లోంచి తీసేసి మనకు చూపిస్తాయి.

డబ్బా మీది 65, 105 వాట్లు చూసి "ఇంటెల్‌ది తక్కువ కదా" అన్నాడు యజమాని. 65 అనేది బేస్ వేగం దగ్గరి మాట. బోర్డు వదిలేస్తే ఆ ప్రాసెసర్ 219 దాకా వెళ్లగలదు. ఈ సంగతి తర్వాత నాకే బాగా పనికొచ్చింది.

రెండో తప్పు: 65ను చూసి తొందరపడటం

సాయంత్రానికి పాత మెషిన్ దగ్గర కూర్చున్నాను. ముందు భారం ఎవరి మీద పడుతోందో చూశాను. ఎడిటింగ్ ప్రోగ్రాములు కొన్ని పనులను గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తాయి, అప్పుడు ప్రాసెసర్‌ను ఎంత చూసినా వ్యర్థం. ఇక్కడ రాత్రి రిసెప్షన్ దృశ్యాలలోని గరుకును తగ్గించే ఫిల్టర్ వాడుతున్నారు. అది నడుస్తున్నంతసేపూ గ్రాఫిక్స్ కార్డు దాదాపు ఖాళీ, భారమంతా ప్రాసెసర్ మీదే.

ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో వోల్టేజీ ఎక్కువై ప్రాసెసర్ క్షీణించే సమస్య గుర్తొచ్చింది. 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్‌తో (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్‌కు సవరణ) దానికి అడ్డుకట్ట వేశారు. ఆ జబ్బు లక్షణాలు వేరు. ప్రోగ్రాములు కూలిపోతాయి, నీలి తెర వస్తుంది, ఫైళ్లు విప్పేటప్పుడు తప్పులు వస్తాయి. ఇక్కడ ఒక్కసారి కూడా మెషిన్ పడిపోలేదు, నెమ్మదించింది అంతే. అయినా బయోస్ (బోర్డులో ఉండే మూల ప్రోగ్రామ్) పాతది కాబట్టి ముందు దాన్ని నవీకరించాను. ఊహించినట్టే రెండరింగ్ వేగంలో మార్పు రాలేదు.

తర్వాత మెషిన్ లోపలి కొలతలన్నీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి రెండరింగ్ మొదలుపెట్టాను. మొదటి నిమిషం 155 వాట్లు, ఆ తర్వాత 125. నాలుగో నిమిషం దాటగానే వాట్లు ఒక్కసారిగా పడిపోయాయి. 50, 65, మళ్లీ 50. వేగం 4.2 గిగాహెర్ట్జ్ నుంచి 2.2కు జారింది. ఉష్ణోగ్రత 55. యజమాని మురిసిపోయే అంకె ఇదే.

65 దగ్గర తిరుగుతున్న వాట్లు చూడగానే దొంగ దొరికాడనుకున్నాను. ప్రాసెసర్ కొద్దిసేపు ఎక్కువ కరెంటు తీసుకోవడానికి పీఎల్2 అనే హద్దు, ఎక్కువసేపు తీసుకోవడానికి పీఎల్1 అనే హద్దు ఉంటాయి. పీఎల్1 తయారీదారు చెప్పిన 65 దగ్గర ఉంది, అందుకే పడిపోతోంది అని తీర్మానించుకున్నాను. బయోస్‌లో అక్కడ "ఆటో" అని మాత్రమే ఉంది. దాన్ని 180 చేశాను.

మళ్లీ నడిపితే నాలుగో నిమిషంలో పడేది రెండో నిమిషంలోనే పడింది.

ఆ రాత్రి ఇంటికి వెళ్తూ దారంతా ఇదే ఆలోచన. పీఎల్1 వల్లే పడుతుంటే దాన్ని పెంచితే బాగుపడాలి, లేదా కనీసం మార్పు లేకుండా ఉండాలి. ఇంకా తొందరగా పడిందంటే, కరెంటు ఎక్కువ పారేకొద్దీ త్వరగా అలసిపోయేది ఇంకేదో ఉంది. అది ప్రాసెసర్ కాదు, అది 55 దగ్గర చల్లగా కూర్చుని ఉంది. మెషిన్‌కు చేసిన మేలేమీ లేకపోయినా, నా సెట్టింగు ఆ రోజు ఇచ్చిన అసలు ఆధారం ఇదే. చికిత్సకు రోగం ఎటు కదిలిందో చూడాలి గాని, తగ్గలేదని విసుక్కుని ఆ మందు చీటీ చింపేయకూడదు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రాసెసర్‌ను ఏది ఆపుతోందో చెప్పే వరుసలు ఉంటాయి. పీఎల్1 వల్లా, వేడి వల్లా, ఇంకేదైనానా అని అవును, కాదులతో చెబుతాయి. పీఎల్1 అసలు విలువ కూడా అదే ప్రోగ్రామ్ చూపిస్తుంది. మొదటి రోజు ఆ వరుసల దాకా కిందికి జరిపి చూడకపోవడం నా బద్ధకం. మర్నాడు పొద్దున చూశాను. "ఆటో" వెనక బోర్డు పెట్టిన పీఎల్1 అసలు 65 కాదు, 125. పడిపోయిన క్షణంలో "అవును" అని వెలిగింది ఒకే వరుస: వీఆర్ థర్మల్.

అసలు కారణం

మెషిన్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె ఇచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది ఒకటి చిల్లర వోల్టులు. మధ్యలో ఆ మార్పు చేసేవి సాకెట్ పక్కన వరుసగా కూర్చునే చిన్న చిప్పులు, తీగ చుట్టలు. ఆ భాగమంతటినీ వీఆర్ఎం అంటారు. వీఆర్ థర్మల్ వెలిగిందంటే ఇది హద్దు మించి వేడెక్కిందని అర్థం. 125 వాట్లను 1.2 వోల్టుల దగ్గర ఇవ్వాలంటే నూరు ఆంపియర్లు దాటాలి. మార్పిడిలో పదో వంతు వృథా అయినా డజను వాట్ల వేడి ఆ చిన్న చిప్పుల మీదే పుడుతుంది. మంచి బోర్డుల్లో వాటి మీద అల్యూమినియం దిమ్మలు ఉంటాయి. ఈ బోర్డులో లేవు.

మరి డబ్బా కూలర్ ఉన్న రోజుల్లో ఎందుకు ఇబ్బంది రాలేదు? ఆ కూలర్ ఫ్యాన్ గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదుతుంది. ప్రాసెసర్‌ను తాకిన గాలి నాలుగు వైపులా చెదిరి వీఆర్ఎం మీదుగా పోతుంది. ఎవరూ అడగకుండా చేసిన ఉపకారం అది. లిక్విడ్ కూలర్‌లో సాకెట్ మీద ఉండేది పంపు మాత్రమే, ఫ్యాన్లు రేడియేటర్ దగ్గర ఉంటాయి. ప్రాసెసర్ చల్లబడింది, దాని పక్కింటివాళ్లకు గాలి ఆగిపోయింది. ఈ క్యాబినెట్‌లో రేడియేటర్‌ను ముందు వైపు బిగించారు కాబట్టి లోపలికి వచ్చేది కూడా ప్రాసెసర్ వేడిని మోసుకొచ్చే గాలే. మాఘమాసంలో గది చల్లగా ఉండి ఎలాగో నెట్టుకొచ్చింది. వైశాఖంలో చేతులెత్తేసింది.

ఇది ఇంకా ఊహే. రుజువు చేసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి చేశాను. క్యాబినెట్ పక్క పలక తీసి, బల్ల ఫ్యాన్ తెచ్చి నేరుగా బోర్డు మీదికి తిప్పాను. రెండరింగ్ నడుస్తూనే ఉంది. అర నిమిషంలో వేగం 2.2 నుంచి 4.2కు లేచింది, అక్కడే ఉంది. ఫ్యాన్ ఆపితే మూడు నిమిషాల్లో మళ్లీ పడింది. రెండుసార్లు అలా చేసి చూపించాక యజమాని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో బోర్డు వెనక వైపు కొలిస్తే 108 వచ్చింది. మెరిసే లోహం మీద ఆ పరికరం అబద్ధం చెబుతుంది. అందుకని ముందు నల్ల టేపు ముక్క అంటించి, టేపు వేడెక్కే దాకా ఆగి కొలిచాను.

ఏం చేయాలి, ఏం చేయలేదు

దారులు నాలుగు కనిపించాయి. బోర్డు మార్చడం శాశ్వత పరిష్కారం. కాని ముహూర్తాల మధ్యలో మెషిన్‌ను రెండు రోజులు విప్పి పెట్టడం కుదరదు, ఖర్చు కూడా వేలల్లో ఉంటుంది. రెండోది, అటక మీద పడున్న డబ్బా కూలర్‌ను మళ్లీ పెట్టి పీఎల్1 తగ్గించడం. టెక్నీషియన్‌గా నాకు నచ్చినది ఇదే. పంపు ఉండదు, ఒకటే ఫ్యాన్, బోర్డుకు గాలి. ఈ మాట అనగానే యజమాని ముఖం చూశాను. డబ్బు పోసి కొన్నదాన్ని విప్పి పక్కన పెట్టమంటే ఎవరి మనసు ఒప్పుతుంది? రేపు ఇంకొకరితో మళ్లీ అదే పెట్టిస్తాడు. మనిషి ఒప్పుకోని పరిష్కారం నాలుగు రోజులు కూడా నిలవదు.

కాబట్టి మిగిలిన రెండూ కలిపాను. వీఆర్ఎం మీదికి నేరుగా ఊదేలా ఒక 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ను ప్లాస్టిక్ పట్టీలతో కట్టాను. చూడటానికి అందంగా లేదు, పని మాత్రం చేస్తుంది. పీఎల్1ను 95 వాట్లకు, పీఎల్2ను 125 వాట్లకు కుదించాను. 95 ఎందుకంటే, ముందు 110, 105, 100 పెట్టి ఒక్కోదాన్ని అరగంట నడిపాను. 105 దాకా వీఆర్ థర్మల్ అప్పుడప్పుడు వెలిగింది. 100 దగ్గర వెలగలేదు, కాని గది ఆ రోజు 34 మాత్రమే. రోహిణి కార్తె ఇంకా ముందుంది. అందుకే ఇంకో ఐదు వాట్లు వెనక్కి తగ్గాను. చివరగా, బల్ల కింద చెక్క గూటిలో దూర్చి ఉన్న క్యాబినెట్‌ను బయటికి లాగి, ముందు జాలీలో పేరుకున్న దుమ్ము తీశాం. ఆ దుమ్ములో ఆల్బమ్ కాగితాల పొడి కూడా ఉంది.

ఫలితం: గంట వీడియోకు 70 నిమిషాలు పట్టేది 48కి వచ్చింది. మాఘమాసపు 43 రాలేదు, 95 వాట్లకు రాదు కూడా. వెనక టేపు మీద 84 డిగ్రీలు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 62.

ఆ 62 దగ్గర చిన్న గొడవైంది. "ముందు 55 ఉండేదండీ, మీరు వచ్చాక పెరిగింది" అన్నాడు యజమాని. నిజమే, పెరిగింది. ఇంతకుముందు ప్రాసెసర్‌కు తిండే అందడం లేదు, పని చేయనివాడికి చెమట పట్టదు కదా. ఈ మాట ఆయనకు సగమే ఎక్కింది. ఎడిటింగ్ అమ్మాయి పుస్తకం తెరిచి 70, 48 పక్కపక్కన చూపించాక మిగిలిన సగం ఎక్కింది.

కొత్త మెషిన్ సంగతి

దానికి రోగం లేదు. అలాగే వదిలేయవచ్చు. కాని ఫ్యాన్ రొద వల్ల ఆ గదిలో పాటల మిక్సింగ్ కష్టమవుతోందని అమ్మాయి చెప్పింది. ఈ ప్రాసెసర్లలో చిన్న పని తగిలినా ఉష్ణోగ్రత చటుక్కున ఎగుస్తుంది, ఫ్యాన్ దాని వెంట పరిగెడుతుంది. అందుకు బయోస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ (తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగు) పెట్టాను. పేరు 65 అయినా అప్పుడు సాకెట్ హద్దు 88 వాట్లు. నా 0.48 లెక్క ప్రకారం 88 వాట్లకు 42 డిగ్రీలు, గది 34 కలిపితే 76 రావాలి. నడిపితే 75, 76 మధ్య నిలిచింది. వేగం 5.0 నుంచి 4.75 దగ్గరికి తగ్గింది. గంట వీడియోకు 50 నిమిషాలు పట్టేది 53 అయింది. సుమారు నలభై వాట్లు తగ్గితే పోయింది మూడు నిమిషాలే. హద్దు అంచున చివరి కొద్దిపాటి వేగం కోసం ప్రాసెసర్లు ఎంత కరెంటు తాగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. లిక్విడ్ కూలర్ కొనవద్దన్నాను.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు వేడి ఫిర్యాదుతో ఎవరు వచ్చినా ఉష్ణోగ్రత ఒక్కదాన్నే రాసుకోను. గది ఉష్ణోగ్రత, వాట్లు, వేగం, ఏ హద్దు వెలిగింది, ఇవన్నీ ఒకే వరుసలో రాస్తాను. కనీసం పదిహేను నిమిషాలు నడిపిన తర్వాతే రాస్తాను. ఈ మెషిన్‌ను మూడు నిమిషాలు చూసి వదిలేసి ఉంటే బ్రహ్మాండంగా ఉందని చెప్పేవాణ్ని.

రెండు మెషిన్లను పోల్చమంటే ముందు వాటి పని గంటలు అడుగుతాను. ఇద్దరిలో ఎవరికి జ్వరం అన్నది తర్వాత. లిక్విడ్ కూలర్ అడిగేవారి బోర్డు మీద దిమ్మలు ఉన్నాయో లేదో చూడకుండా బేరం మాట్లాడటం మానేశాను. దీనివల్ల ఒకటి రెండు అమ్మకాలు పోయాయి కూడా. ఏదైనా సెట్టింగు మార్చినప్పుడు, మారిస్తే ఏం జరగాలో ముందే కాగితం మీద రాయమని కుర్రాళ్లకు చెబుతున్నాను. పీఎల్1 పెంచిన రోజు నేను ఆ ఒక్క వాక్యం రాసుకుని ఉంటే రాత్రంతా ఆలోచించే పని ఉండేది కాదు.

ఎడిటింగ్ అమ్మాయి పుస్తకంలో ఇంకో గడి చేరింది. గది వేడి.

జ్యేష్ఠంలో యజమాని మళ్లీ ఫోన్ చేశాడు. కరెంటు పోయి వచ్చాక కొత్త మెషిన్ బయోస్ సెట్టింగులు చెరిగిపోయాయట, తెర మీద మళ్లీ 95. గొంతులో పాత కంగారే.

"వాట్లు ఎన్నండీ?"

"నూట ఇరవై నాలుగు."

"నిన్న గంట వీడియోకు ఎంతసేపు పట్టిందో అమ్మాయిని అడగండి."

పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "యాభై ఒకటి అంటోందండీ."

"రొద ఏమైనా ఇబ్బంది పెడుతోందా?"

"మిక్సింగ్ అయిపోయిందిలెండి, ఇప్పుడు అన్నీ రెండరింగులే."

"అయితే మూఢమి దాకా అలాగే ఉండనివ్వండి" అన్నాను. వెళ్లలేదు.